మందు అనే మాట

మన తెలుగులో 'మందు' అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? డాక్టరు రాసిచ్చేది మందు. చేలో పురుగుకి కొట్టేది మందు. టపాకాయల్లో కూరేది మందు. కోడలు తన కొడుకుని కొంగున కట్టేసుకుందని అత్తగారికి అనుమానం వస్తే, "ఏం మందు పెట్టిందో మహాతల్లి!" అంటుంది. అదీ మందే. ఇక పొద్దుగూకాక నలుగురు మగవాళ్ళు మేడ మీద చేరి, ఉల్లిపాయ పకోడీలు వేయించి పంపమని కిందకి కబురు పెట్టారంటే, అక్కడ నడుస్తున్నదీ మందే. రోగం కుదిర్చేదానికీ, రోగం తెచ్చేదానికీ ఒక్కటే పేరు పెట్టుకున్నాం మనం. సరదాకి చెప్పుకుంటే బాగానే ఉంటుంది గాని, క్రిందటేడు జనవరిలో ఈ ఒక్క మాట నన్ను రాత్రంతా కన్ను మూయనివ్వలేదు.

మా చెల్లెలు ఎడిన్‌బరోలో ఉంటుంది. స్కాట్లండుకి ముఖ్యపట్టణం అది. కొత్తగా ఇల్లు కొనుక్కున్నాం, వచ్చి చూసి వెళ్ళండని అమ్మనీ నన్నూ రమ్మంది. జనవరిలో అయితే టిక్కెట్లు చవగ్గా వస్తున్నాయని మా మరిదిగారు తీసి పంపించారు. ఎందుకంత చవకో విమానం దిగాక గాని మాకు తెలియలేదు. అక్కడ ఆ నెలలో ఉదయం ఎనిమిదిన్నరకి గాని తెల్లవారదు. సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి మళ్ళీ దీపాలు పెట్టుకోవలసిందే. మధ్యలో ఉన్న ఆ కాస్త పగలూ సూర్యుడు సెలవు చీటీ పంపించి ఊరుకున్నట్టుంటుంది. సముద్రం మీద నుంచి వచ్చే గాలి శాలువానీ, స్వెట్టరునీ, చీరనీ, లోపలి ఉన్ని బనీనునీ దాటుకుని తిన్నగా ఎముకని పలకరిస్తుంది. డెబ్భై రెండేళ్ళు నెల్లూరు ఎండలో గడిపిన మనిషి మా అమ్మ. మూడో రోజుకే పడిశం పట్టేసింది.

అమ్మ రిటైరైన పంతులమ్మ. జబ్బు చేసినా ఆవిడ పద్ధతి ఆవిడదే. శొంఠి, మిరియాలు, బెల్లం ఊరి నుంచే మూటకట్టి తెచ్చుకుంది. మూడు పూటలా కషాయం కాచుకుని తాగింది. పడిశం ఒక్క అంగుళం కదిలితే ఒట్టు! రాత్రిళ్ళు ఒకటే దగ్గు. ఆవిడకీ నిద్ర లేదు, పక్కగదిలో మాకూ నిద్ర లేదు.

పక్కింట్లో ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. తెల్లటి జుట్టు, ఎర్రటి బుగ్గలు, నోటినిండా మాట. గోడ అవతల నుంచి అమ్మ దగ్గు విని, మర్నాడు పొద్దున్నే పావు వంతు విస్కీ ఉన్న సీసా ఒకటి పట్టుకొచ్చి మా చెల్లెలి చేతిలో పెట్టింది. "మీ అమ్మకి రాత్రి పడుకోబోయే ముందు హాట్ టాడీ చేసి ఇవ్వు. మా అమ్మ మాకు అదే ఇచ్చేది" అంది. ఎలా చెయ్యాలో కూడా చెప్పి వెళ్ళింది.

ఆ రాత్రి వంటింట్లో మా చెల్లెలు చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆడవాళ్ళకి రాసే పత్రికలో రాస్తూ చేసే విధానం చెప్పకపోతే మీరు ఊరుకోరు గదా, చెబుతాను. మందపాటి గాజు గ్లాసులో ముందు వేణ్ణీళ్ళు పోసి తిప్పి పారబోసింది, గ్లాసు వెచ్చబడడానికి. నిమ్మకాయని చక్రంలా కోసి దానికి నాలుగు లవంగాలు గుచ్చింది. గ్లాసులో అది వేసి, వేలెడు దాల్చినచెక్క, రెండు చెంచాల తేనె, అరచెక్క నిమ్మరసం కలిపింది. తెర్లిన నీళ్ళు దించి, ఒక్క నిమిషం ఆగి, ముప్పాతిక గ్లాసు వరకూ పోసి మూత పెట్టింది. ఐదు నిమిషాలకి లవంగాల ఘాటూ, దాల్చినచెక్క తీపీ కలిసి వంటిల్లంతా పెళ్ళివారి బిర్యానీ పొయ్యి దగ్గరిలా అయింది. ఆఖరున విస్కీ. దాన్ని ముందే పోసి మరిగించకూడదట. నీళ్ళు 100 డిగ్రీలకి మరిగితే, మద్యంలో ఉండే సారం 78 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ ఆవిరి ముక్కులోకి కొట్టి తాగేవాళ్ళకి ఉక్కిరిబిక్కిరవుతుంది. 25 మిల్లీలీటర్ల కొలతతో ఒక్కటి పోసింది. అక్కడి బార్లలో ఒక కొలత అంటే అంతే.

గ్లాసు నా చేతికిచ్చి, "అక్కా, నువ్వు తీసుకెళ్ళి ఇయ్యి. నేనిస్తే నా మొహం చూసి కనిపెట్టేస్తుంది. కషాయమే, ఇక్కడి పద్ధతిలో చేశామని చెప్పు" అంది.

మీకు నవ్వు రావచ్చు. ఒక కొలత విస్కీకి ఇంత నాటకమా అనిపించవచ్చు. మా అమ్మ ఎవరో తెలిస్తే అలా అనిపించదు.

మాకు ఒక్కడే మేనమామ. అమ్మకి తమ్ముడు. చక్కని మనిషి, చక్కగా పాడేవాడు. మా చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరు వెళితే మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. సాయంత్రం అయిందంటే మటుకు మనిషి మారిపోయేవాడు. మేం భయపడి అడిగితే అమ్మమ్మ, "మీ మామయ్యకి కడుపునొప్పర్రా. మందు పుచ్చుకున్నాడు. అల్లరి చెయ్యకండి" అనేది. మందు పుచ్చుకున్నవాడు తూలుతాడెందుకో, అత్తయ్య చెంప వాచిందెందుకో మాకు తెలిసేది కాదు. నాకు పదేళ్ళప్పుడు మామయ్య పోయాడు. కాలేయం చెడిపోయిందన్నారు.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకి మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. అమ్మ పగలు బళ్ళో పిల్లలకి చెప్పి, రాత్రి కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకి లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దించేది. వాళ్ళు చదువుకున్న వాచకంలో తాగుడు వల్ల కాపురం గుల్లయిన ఒక ఇల్లాలి కథ ఉంది. అది చదివి, మా జిల్లాలోనే ఉన్న దూబగుంటలో ఆడవాళ్ళు కట్టగట్టుకుని వెళ్ళి సారా అంగడి మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో మళ్ళీ సడలించారనుకోండి, అది వేరే సంగతి. చీపుళ్ళు పట్టుకుని నడిచిన ఆడవాళ్ళ వెనక మా అమ్మ సుద్దముక్క అంటిన చేతులతో నడిచిన రోజు నాకు బాగా గుర్తుంది. అంచేత ఆ గ్లాసు నా చేతిలో ఎందుకంత బరువుగా అనిపించిందో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

వంటింటికీ అమ్మ గదికీ మధ్య పది అడుగులు. ఆ పది అడుగుల్లో నేను చెయ్యని ఆలోచన లేదు. బి.ఏ.లో ఫిలాసఫీ నాకొక సబ్జెక్టు. జర్మనీలో కాంట్ అని ఒక మహానుభావుడు 1797లో రాసిన వ్యాసం మాకు పాఠంగా చెప్పారు. మీ స్నేహితుణ్ణి చంపడానికి కత్తి పట్టుకుని వచ్చినవాడు, "వాడు మీ ఇంట్లో ఉన్నాడా?" అని అడిగినా సరే, అబద్ధం చెప్పకూడదంటాడాయన. అప్పట్లో క్లాసంతా నవ్వాం. మన శుక్రాచార్యులవారు నయం. భాగవతంలో బలిచక్రవర్తికి ఆయన ఒక జాబితా చదివాడు. పెళ్ళి సంగతుల్లో, ప్రాణం మీదకి వచ్చినప్పుడు, మానం కాపాడుకోవలసినప్పుడు, ఇలా కొన్ని చోట్ల బొంకినా పాపం లేదన్నాడు. అమ్మ దగ్గు ప్రాణం మీదకి వచ్చిన కిందే లెక్క అని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. ఆ జాబితా విన్న బలి మాత్రం బొంకడానికి ఒప్పుకోలేదన్న ముక్క ఆ క్షణాన నాకు సౌకర్యంగా గుర్తు రాలేదు.

"ఏమిటే ఇది?" అంది అమ్మ.

"కషాయం. పక్కింటావిడ చెప్పింది."

గుక్క తాగి, "ఘాటుగా ఉందే! బావుంది" అంది. గ్లాసు ఖాళీ చేసింది. ఐదు రాత్రుల తర్వాత దగ్గకుండా పడుకుంది. మా చెల్లెలు నన్ను చూసి కళ్ళెగరేసింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. మంచి పని చేశామనే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న అమ్మ కాఫీ తాగి, సంచీలోంచి నోటుబుక్కు తీసింది. కొత్త వంటలూ, చిట్కాలూ రాసుకునే పుస్తకం. నలభై ఏళ్ళుగా ఆవిడకి అలవాటు. ఏ పేజీ చూసినా పైన తేదీ, కింద కొలతలు, బళ్ళో నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఉంటాయి. కళ్ళజోడు సర్దుకుని, "ఊఁ, చెప్పండే. రాత్రి కషాయంలో ఏమేం వేశారు? మన వెనకింటి పిన్నిగారి మనవడికి ఏడాది పొడుగునా రొమ్ము పడిశమే. వాడికి చెబుతాను" అంది.

నాకు గొంతు ఎండిపోయింది. ఆ మనవడికి ఆరేళ్ళు.

మా చెల్లెలు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. తేనె రెండు చెంచాలు, నిమ్మకాయ అర, లవంగాలు నాలుగు, దాల్చినచెక్క ముక్క. "మరి ఆ ఘాటో?" అంది అమ్మ. "మిరియాలు కాస్త ఎక్కువ పడ్డాయమ్మా" అంది ఇది. అమ్మ గుండ్రంగా 'మిరియాలు' అని రాసి, పక్కన సంఖ్య కోసం ఆగి, "ఎన్ని?" అంది. "పది" అన్నాను నేను. అవునండీ, ఆ పది నా నోట్లోంచే వచ్చింది. అబద్ధం చెప్పే మనిషి పక్కన ఊరికే నిలబడ్డవాళ్ళు కూడా ఎంతోసేపు ఊరికే నిలబడలేరు.

"ఇవాళ రాత్రికి కూడా చేసిపెట్టండి" అంటూ పుస్తకం మూసింది అమ్మ.

ఆ రోజల్లా మేమిద్దరం మల్లగుల్లాలు పడ్డాం. మా చెల్లెలు ఒక ఉపాయం చెప్పింది. "ఇవాళ విస్కీ లేకుండా, నిజంగానే పది మిరియాలు దంచి వేసి ఇచ్చేద్దాం. అప్పుడు పుస్తకంలో రాసింది నిజమే అవుతుంది. గొడవ వదిలిపోతుంది." వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. అబద్ధాన్ని చెరపక్కర్లేదు, లోకాన్నే కాస్త దిద్దితే అదే నిజమై కూర్చుంటుంది. అలాగే చేశాం. అమ్మ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "నిన్నటి ఘాటు కాదిది" అంది. మేం మాట్లాడలేదు. సగం వదిలేసి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. దుప్పటి కప్పుకుని ఫోనులో ఈ టాడీ పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఆ పేరు మనదేనట! హిందీలో తాటికల్లుని తాడీ అంటారు. మన తాడిచెట్టు పేరూ, ఆ మాటా ఒకే కుదుటివి. ఆ తాడీ తెల్లవాళ్ళ నోట పడి టాడీ అయింది, ఓడెక్కి సముద్రాలు దాటింది, స్కాట్లండులో కల్లు వదిలేసి విస్కీలో స్థిరపడింది. 1785 నాటికే రాబర్ట్ బర్న్స్ అనే వాళ్ళ మహాకవి, జనం బల్ల చుట్టూ చేరి టాడీ కలుపుకుంటున్న సంగతి పద్యంలో పెట్టాడు. తమాషా ఏమిటంటే, నాలుగేళ్ళ తర్వాత ఆయనకి దొరికింది ఆబ్కారీ ఉద్యోగం.

ఇంకొంచెం చదివితే నవ్వు పోయింది. విస్కీ అన్న మాట వాళ్ళ పాత గేలిక్ భాషలోదట. దాని అర్థం 'జీవజలం'. 1494 నాటి రాజుగారి ఖజానా లెక్కల్లో, ఈ జీవజలం కాచడానికి ఒక సన్యాసికి ధాన్యం ఇచ్చినట్టు పద్దు ఉంది. లాటిన్‌లో రాసినా పేరు జీవజలమే! అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో, డాక్టరు చీటీ రాసిస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారు. మన గుజరాత్‌లోనూ నిషేధం ఉన్నా ఆరోగ్యం పేర పర్మిట్లు ఇచ్చే పద్ధతి ఉంది. అంత దూరం దేనికి? మా చిన్నతనంలో పసిబిడ్డకి జలుబు చేస్తే నాలుక మీద బ్రాందీ చుక్క వేసే ఇళ్ళు ఎన్ని లేవు? బాలింతకి చలి తగలకుండా చెంచాడు పట్టే ఇళ్ళు ఎన్ని లేవు? ఇవాళ ఏ పిల్లల డాక్టరు విన్నా గుండె బాదుకుంటాడు. ఇన్ని దేశాలూ, ఇన్ని వందల ఏళ్ళూ దీన్ని మందనే పిలుచుకున్నాయి. మా అమ్మమ్మ ఒక్కతే కాదన్నమాట.

మరి నిజంగా మందేనా? వైద్యులు చెప్పేది వేరు. విస్కీ తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టుంటుంది. ఎందుకంటే చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని, లోపలి వెచ్చని రక్తం పైకి వస్తుంది. బుగ్గలు ఎర్రబడతాయి. అది బయట నుంచి వచ్చిన వేడి కాదు. గుండె దగ్గర దాచుకున్న వేడిని తెచ్చి చలిగాలికి పంచిపెట్టడం. నిజానికి ఒళ్ళు లోపల చల్లబడుతుంది. ఇంట్లో బియ్యం అమ్మి వీధిలో దీపాలు వెలిగించినట్టు. మా మామయ్య కాపురం సరిగ్గా అలాగే సాగింది. పడిశానికి హాయినిచ్చే గుణం ఉంటే అది వేణ్ణీళ్ళలో ఉంది, తేనెలో ఉంది. 2008లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పండ్లరసం వేడిగా కొందరికీ, మామూలుగా కొందరికీ ఇచ్చి చూస్తే, వేడిగా తాగినవాళ్ళకే దగ్గూ తుమ్ములూ గొంతునొప్పీ ఎక్కువ నెమ్మదించినట్టనిపించిందట. అయితే పావు వంతు సీసా అక్కర్లేని పనికి వచ్చిందన్నమాట.

ఆ తర్వాత వచ్చిన ఆలోచనకి లేచి కూర్చున్నాను. అమ్మ రోజూ రక్తపోటుకి మాత్ర వేసుకుంటుంది. మద్యం కలిస్తే ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి రక్తపోటు ఒక్కసారి పడిపోయి కళ్ళు తిరగవచ్చు. మొన్న రాత్రి ఆవిడ బాత్‌రూముకి లేచి, చీకట్లో, ఆ కొత్త ఇంటి మెట్ల దగ్గర... అక్కడితో ఆపేశాను. ఏమీ కాలేదు, నిజమే. మాకు అదృష్టం ఉండి కాలేదు. తెలివి ఉండి కాదు. తనకి ఏమి ఇచ్చారో తెలియని మనిషి, తన మాత్ర సంగతి ఎలా గుర్తు చేస్తుంది?

తెల్లవారుజామున అమ్మ లేచిన చప్పుడయింది. వెళ్ళి మంచం అంచున కూర్చుని చెప్పేశాను. పది మిరియాలతో సహా.

అమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చాలాసేపు కిటికీలోంచి చీకట్లోకి చూసింది. తర్వాత, "ఎంత పోశారు?" అంది. చెప్పాను. "మాత్ర సంగతి ఆలోచించారా?" అంది. లేదన్నాను.

"ముందే అడిగి ఉంటే తాగేదానివా అమ్మా?" అన్నాను. నా తప్పు కాస్త తేలికపడుతుందేమోనని ఆశ.

"తాగేదాన్నో, మొహాన కొట్టేదాన్నో. నాకే తెలియదు. తెలుసుకునే అవకాశం నాకు మీరు ఎక్కడిచ్చారు?"

నాకు మాట రాలేదు. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేను చింతించింది విస్కీ గురించి. అమ్మ నొచ్చుకున్నది విస్కీ గురించి కాదు.

కాసేపాగి తనే అంది. "మీ అమ్మమ్మకి కొడుకంటే ప్రాణం. ఊళ్ళో పరువు పోతుందని, కోడలు పుట్టింటికి పోతుందని, మందు మందు అని అందరికీ చెప్పింది. నాతోనూ అదే చెప్పింది. పదేళ్ళు చెప్పేసరికి చివరికి ఆవిడే నమ్మింది. రాత్రిపూట ఆవిడే గ్లాసులో పోసి ఇచ్చేది, మందు వేళ దాటిపోతోందని. సారా అని పిలిచి ఉంటే, ఎంత తాగావురా, ఎంత ఖర్చయిందిరా అని ఎవరో ఒకరం లెక్క అడిగేవాళ్ళం. మందుకి లెక్క ఎవరు అడుగుతారే?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లు తాగాడంటారని సామెత. లోకం వేసే ఆ నింద కష్టమైనదే. కాని కల్లు తాగించి పాలని చెప్పడం అంతకన్నా కష్టమైనదని ఆ తెల్లవారుజామున నాకు తెలిసింది. నింద పడ్డవాడు కాదని పోట్లాడవచ్చు. పాలనుకుని తాగినవాళ్ళు దేనితో పోట్లాడాలి?

ప్రేమ కొద్దీ దాచాం అంటాం. ఇళ్ళల్లో ఆడవాళ్ళం మనం దాచేవన్నీ ప్రేమ కొద్దీ దాచినవే. మామగారికి చక్కెర జబ్బని దాస్తాం, అత్తగారికి అల్లుడి ఉద్యోగం పోయిందని దాస్తాం, పిల్లలకి తండ్రి అలవాటు దాస్తాం. ఎదుటివాళ్ళు బాధపడకూడదనే దాస్తాం. కాని దాచిన క్షణం నుంచీ ఆ మనిషి బదులు మనం ఆలోచిస్తున్నాం, ఆ మనిషి బదులు మనం నిర్ణయిస్తున్నాం. పెద్దవాళ్ళని పసిపిల్లల్ని చేస్తున్నాం. డెబ్భై రెండేళ్ళ మనిషి, వందమంది ఆడవాళ్ళ చేత అక్షరాలు దిద్దించిన మనిషి, తన గొంతులోకి ఏది దిగుతోందో తెలుసుకోవడానికి తగదని మేమిద్దరం కూతుళ్ళం వంటింట్లో తీర్మానం చేసేశాం. అదీ రెండు నిమిషాల్లో, తేనె కలుపుతూ.

అమ్మ నోటుబుక్కు తీసింది. పేజీ చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. 'మిరియాలు 10' అన్నదాని మీద ఒక గీత గీసింది. దాని పక్కన, అంతే గుండ్రంగా, 'విస్కీ, 25 మి.లీ.' అని రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: 'పిల్లలకి కూడదు. మాత్రలు వేసుకునేవారికి కూడదు.' సిరా ఆరేదాకా ఊదింది.

"ఇది ఉంచుతావా?" అన్నాను.

"తాగింది తాగానుగా. రాసింది అబద్ధం కాకూడదు" అంది.

ఆ పగలంతా మా ఇద్దరితోనూ 'ఊఁ', 'ఆఁ' తప్ప మాట లేదు. సాయంత్రం తనే వంటింట్లోకి వచ్చి, నిమ్మచక్రానికి లవంగాలు గుచ్చి, దాల్చినచెక్క వేసి, విస్కీ బదులు దంచిన శొంఠి చిటికెడు కలిపి రెండు గ్లాసులు చేసింది. ఒకటి తను తాగి, ఒకటి పక్కింటి పెద్దావిడకి పట్టుకెళ్ళమంది. మిగిలిన సీసా కూడా ఇచ్చేసి, "ఇందులో మీది లేదని ముందే చెప్పి ఇవ్వండి. పాపం, ఉందనుకుని తాగుతుంది" అంది. చెప్పే ఇచ్చాం. ఆవిడ తాగి, బావుందని, ఇందులో ఒక చుక్క పడితే ఇంకా బావుంటుందని అందట. ఎవరి గ్లాసు వాళ్ళిష్టం. మా అమ్మ కూడా ఆ మాటకి నవ్వింది. మాతో మాట కలిసింది అప్పుడే.

టాడీ తాగితే తప్పా అని నన్నడగకండి. తెలిసి, కొలుచుకుని, తన పేరుతో తాగే పెద్దావిణ్ణి తప్పు పట్టడానికి నేనెవర్ని? చీపురు పట్టి సారా అంగడి మూయించిన ఆడవాళ్ళని కాదనడానికీ నేనెవర్ని? నాకు తెలిసిందల్లా ఒకటే. ఏ పని అయినా దాని అసలు పేరుతో పిలవగలిగితే దానికొక కొలత ఉంటుంది. ఇన్ని చెంచాలు చాలు, ఇక వద్దు అనగలం. మారుపేరుతో ఇంట్లోకి వచ్చినదానికి కొలత ఉండదు. మామయ్య మందుకి కొలత లేనట్టే, మా కషాయానికీ లేకుండా పోబోయింది. ఒక్క రాత్రిలో అది ఆరేళ్ళ పిల్లాడి దాకా వెళ్ళబోయింది గదా!

తిరిగి వచ్చాక నేనొక చిన్న నియమం పెట్టుకున్నాను. మొన్న ఆదివారం మా వారి స్నేహితులు మేడ మీద చేరారు. మా అబ్బాయి కిందకి వచ్చి, "అమ్మా, నాన్నగారు వాళ్ళు మందు పార్టీ చేసుకుంటున్నారట, పకోడీలు పంపమన్నారు" అన్నాడు.

"మందంటే ఎవరికిరా జబ్బు? విస్కీ తాగుతున్నారా అని అడిగిరా. ఎన్ని కొలతలో కూడా అడుగు, దాన్ని బట్టి పిండి కలుపుతాను" అన్నాను.

వాడు వెళ్ళి అలాగే అడిగాడు కాబోలు, మేడ మీద నవ్వులు ఒక్కసారి ఆగిపోయాయి. పకోడీలు పంపించాను. రెండో వాయి ఎవరూ అడగలేదు.